బొమ్మకు తగ్గ పీట, కొలువుకు తగ్గ మెట్లు

సంక్రాంతి బొమ్మల కొలువు పేరంటానికి ఎవరింటికి వెళ్లినా నా చూపు ముందు బొమ్మల కిందికే పోతుంది. మెట్లు ఎలా కట్టారు, పీట ఎవరు చేశారు, తాటిచెట్టు బొమ్మ ఒరగకుండా ఏ ఉపాయం పన్నారు? కొండపల్లి పనివాడు చెక్కి, అతికి, రంగులద్దిన దశావతారాలను వంకర బల్ల మీద పెడితే ఆ పనితనం సగం మన కంటికి అందదు. బొమ్మ అందం దాని నిలకడతో కలిసే ఉంటుంది. ఆ నిలకడ కొలత చూసి ఇంట్లో చేసుకున్న పీటతోనే వస్తుంది.

కొండపల్లి బొమ్మ ఎంత తేలికో చేతిలోకి తీసుకుంటే గాని తెలియదు. అది తెల్లపొణికి కర్ర. సన్నని సెగ మీద తేమ లాగేసి, కాళ్లూ చేతులూ తలా విడివిడిగా చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతుకుతారు. పైన సుద్ద పూత, ఆ పైన రంగు. ఈ బొమ్మలు చేసే కుటుంబాల పూర్వులు ఏనాడో రాజస్థాన్ నుంచి వచ్చారని చెప్పుకుంటారు. అంబారీ ఏనుగు తొండం వంపు చూడండి, ఎక్కడ అతికారో వేలితో తడిమినా దొరకదు! అంత తేలిక కాబట్టే ఫ్యాను గాలికి కూడా కదులుతుంది. కల్లు గీసే మనిషి ఎక్కిన తాటిచెట్టయితే మరీను.

దానికి మామిడి చెక్క పీట చాలు. బొమ్మ అడుగును చెక్క మీద పెట్టి పెన్సిలుతో చుట్టూ గీయాలి. గీత లోపలి భాగాన్ని సన్న ఉలితో రెండు మిల్లీమీటర్ల లోతు తీస్తే బొమ్మ ఆ గాడిలో దిగి కూర్చుంటుంది. పీట వెడల్పు బొమ్మ ఎత్తులో మూడో వంతుకు తగ్గకూడదు. బొమ్మకు మేకు కొట్టడం, జిగురు పూయడం మహాపాపం. మా వీధిలో ఒక పెద్ద వడ్రంగి ఉండేవారు. ఆయన తీసిన గాడిలో బొమ్మను పెట్టి పీటను పక్కకు వంచి చూపేవారు, బొమ్మ చెక్కుచెదిరేది కాదు. కొలత కర్ర లేదు, అంతా కంటి కొలతే. అలాంటి చేతికి ఎన్ని దండాలు పెట్టినా తక్కువే.

ఇక మెట్లు. మూడో, అయిదో, ఏడో, తొమ్మిదో, బేసి సంఖ్య ఉండాలన్నది ఆచారం. పనితనం అంతా ఎత్తులో ఉంది. పేరంటాళ్లు చాప మీద కూర్చుని చూస్తారు కాబట్టి మీరూ కూర్చునే కొలవాలి. మెట్టు మరీ వెడల్పయితే పై వరస బొమ్మల కాళ్లు అంచు చాటుకు పోతాయి. ట్రంకుపెట్టెలు, పీటలు, పాత పుస్తకాల కట్టలు పేర్చి పైన పలకలు వేస్తే చాలు. బరువైనవి కిందికి, వెనక వరస గోడకు ఆనించి. పైన ఉతికిన తెల్ల పంచె ముడత లేకుండా లాగి అంచులు బిగించాలి. పట్టుచీర అందమే, కానీ బొమ్మ జారుతుంది.

తంజావూరు తలాడించే బొమ్మకు మెట్టు అచ్చంగా మట్టంగా ఉండాలి. కాస్త వాలినా తల ఒక పక్కకు ఒరిగి ఆట ఆగిపోతుంది. రసమట్టం లేకపోతే పళ్లెంలో నీళ్లు పోసి చూడండి. నీరు ఏ వైపుకు చేరితే ఆ వైపు కింద కాగితం మడిచి పెట్టండి. ఏటికొప్పాక లక్క బొంగరాన్ని నిలబెట్టాలంటే కుదురు కావాలి. పాత గాజుకు నూలుదారం దగ్గరగా చుడితే చక్కని కుదురు. ఏటికొప్పాకలో చేసే అంకుడు కర్ర బొమ్మలకు మళ్లీ చెట్టు చేమల రంగులు తెచ్చిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. రసాయన రంగు పక్కన ఆ పసుపు, ఆ నీలం ఒక్కసారి పెట్టి చూస్తే ఆయన ఏం సాధించారో తెలుస్తుంది.

అయినా నా పక్షం కొండపల్లిదే, దాచను. అందుకే మంట. అచ్చులో పోసిన బొమ్మకు కొండపల్లి పేరు తగిలించి అమ్ముతున్నారు. దాన్ని ఎత్తి చూడండి, బరువే చెప్పేస్తుంది. కళ్లు చూడండి, అన్ని బొమ్మలకూ ఒకే చూపు! దాని కింద మడత పెట్టే ఇనుప స్టాండు, పైన ప్లాస్టిక్ పూలదండ, చుట్టూ మిణుకుమనే దీపాలు. కొండల్లో పొణికి చెట్టు కరవవుతోంది, చేసేవాళ్ల పిల్లలు వేరే పనులకు పోతున్నారు, మనమేమో నకిలీకి డబ్బులిచ్చి అసలును బేరమాడుతున్నాం. ఇది మన చేతులారా చేస్తున్న అన్యాయం.

ఈ సంక్రాంతికి ఆ స్టాండు కొనే డబ్బుతో కొండపల్లి వెళ్లండి. విజయవాడకు ఎంతో దూరం లేదు. చేసినవారి ఇంటి గుమ్మంలో, బేరం ఆడకుండా, ఒక్క బొమ్మ కొనండి. పీట మాత్రం పిల్లల్ని కూర్చోబెట్టుకుని మీరే చేయండి.