ఇసుక మీద పడవ

రామతీర్థం కొండల మీద బౌద్ధ భిక్షువులు ఇటుకలు పేర్చకముందే, క్రీస్తుపూర్వం 600 ప్రాంతంలో, గ్రీసు దేశపు కొరింత్ దగ్గర ఓడల్ని నేల మీద లాగడానికి రాతిబాట వేశారు. 6 నుంచి 8 కిలోమీటర్ల పొడవు! గొప్ప పనే.

మన చింతపల్లి తీరంలో రాతిబాట లేదు. కాలు దిగబడే ఇసుకే. వేట ముగించుకొచ్చిన పడవకు తాడు కట్టి, భుజమిచ్చి, హైలెస్సా అంటూ ఒడ్డెక్కిస్తారు మత్స్యకారులు. కండబలం ఒక్కటే చాలదు. కెరటం పడవను పైకెత్తిన క్షణాన్నే అందరూ ఒక్క ఊపున లాగాలి. తప్పితే బరువంతా ఇసుకలో కూరుకుపోతుంది. నా దృష్టిలో ఆ అదును తెలియడమే అసలైన పనితనం.

రామతీర్థం దర్శనానికి వచ్చేవాళ్లు ఓ ఉదయం చింతపల్లి దాకా వెళ్లండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మాత్రం మర పడవల వేట నిషేధం.