ఒక్క వాక్యంలో ఫాత్మా బేగం

మన సినిమా చరిత్రలు ఫాత్మా బేగంకు ఒక్క వాక్యం విదిలిస్తాయి: 1926లో ‘బుల్‌బుల్-ఎ-పరిస్తాన్’ తీసిన తొలి భారతీయ దర్శకురాలు. మరో వాక్యం రాస్తే, ‘ఆలం ఆరా’ (1931) నాయిక జుబేదా తల్లి. సొంత కంపెనీ పెట్టి సినిమాలు తీసిన మనిషికి ఇంతేనా?

ఆ సినిమా ప్రింటు దొరకడం లేదు, నిజమే. కానీ ఫాల్కే రీళ్ళు మిగిలింది పి.కె. నాయర్ వెంటపడి సేకరించబట్టే. ఆయన శ్రమను ‘సెల్యులాయిడ్ మ్యాన్’ (2012) డాక్యుమెంటరీ నలుగురికీ చూపించింది. మరి ఫాత్మా కోసం వెంటపడాల్సింది ఎవరు?

మేమే. జుబేదా మెట్టినిల్లు హైదరాబాదు. ఇక్కడి అటకల మీది పాత ఉర్దూ పత్రికల్లో ఆమె తల్లి సినిమాల ప్రకటనలో, సమీక్షలో ఉన్నాయేమోనని ఎప్పుడైనా వెతికామా? చరిత్ర మమ్మల్ని మరిచిందని నిలదీస్తూనే, తెరకెక్కిన మా ఆడవాళ్ళ ఊసు మా ఇళ్ళల్లో మేమూ ఎత్తలేదు. ‘తొలి’ అన్న బిరుదుతో సరిపెట్టుకోకుండా ముందు ఆ కట్టలు విప్పాలి. పుస్తకమైనా, డాక్యుమెంటరీ అయినా అక్కడే మొదలవుతుంది.