రోదసి నవలల్లో కథానాయిక

సైన్స్ ఫిక్షన్ నవల చేతికి వస్తే దాన్ని తూచడానికి మన దగ్గర కొన్ని కొలబద్దలు ఉన్నాయి. అందులో సైన్సు సరిగా ఉందా, ఊహ కొత్తదా, చివరికంటా బిగి సడలకుండా ఉందా అని చూస్తాం. ప్రేమకథ సంగతి పెద్దగా పట్టించుకోం. పాఠకుణ్ణి కూర్చోబెట్టడానికి వేసిన తాలింపు అనుకుని ఊరుకుంటాం. ఒక్క పుస్తకంతో ముగిసే నవలలో దీనివల్ల నష్టం తక్కువే. ఐదారు సంపుటాలు, ఒక్కోసారి పదిహేను సంపుటాల దాకా సాగే నవలామాలికల్లో మాత్రం తాలింపే కూర అయి కూర్చుంటుంది. కొత్త గ్రహం ఎంత వింతగా ఉన్నా రెండో సంపుటానికి పాతబడుతుంది. పాఠకుడు మళ్ళీ మళ్ళీ వచ్చేది మనుషుల కోసమే. అందుకని ఆ మనుషుల్లో సగం మందిని రచయిత ఎలా తయారు చేశాడన్నది పక్కన పెట్టదగిన ప్రశ్న కాదు. ఈ పుస్తకాలను మొదట పట్టుకునేది పద్నాలుగు, పదిహేనేళ్ళ పిల్లలు. సైన్సు ఎవరు చేస్తారు, ఎవరు చూసి ఆశ్చర్యపోతారు అన్న బొమ్మ వాళ్ళ మనసులో పడేది ఆ వయసులోనే.

పాత ఉదాహరణతో మొదలు పెడదాం. ఎడ్గార్ రైస్ బరోస్ అంగారక కథ 1912లో అమెరికాలో 'ఆల్ స్టోరీ' పత్రికలో ధారావాహికగా వచ్చి, 1917లో 'ఎ ప్రిన్సెస్ ఆఫ్ మార్స్' అనే పుస్తకమైంది. అందులోని రాకుమారి డెజా థోరిస్ శత్రువులకు ఎలా చిక్కిందో చాలామంది పాఠకులకు గుర్తుండదు. ఆమె వచ్చింది ఒక శాస్త్రీయ యాత్రలో. గాలి ప్రవాహాలను మళ్ళీ పటాల్లోకి ఎక్కించడం, వాతావరణ సాంద్రతను కొలవడం ఆ యాత్ర ఉద్దేశం. గాలి పలచబడిపోతున్న గ్రహంలో ఇంతకంటే ముఖ్యమైన పని ఏముంటుంది? కానీ ఆమె పట్టుబడ్డాక ఆ కొలతల ఊసే ఉండదు. అక్కడినుంచి చెరలో పడటం ఆమె వంతు, విడిపించడం జాన్ కార్టర్ వంతు. రెండో నవల చివర ఆమెను ఒక తిరిగే గదిలో బంధిస్తారు. ఆ గది ద్వారానికి ఎదురుగా వచ్చేది అంగారక సంవత్సరానికి ఒక్కసారే. లోపల ఇంకో స్త్రీ కత్తి ఎత్తుతుంది, గది మూసుకుపోతుంది, నవల అయిపోతుంది. పాఠకుడు మూడో నవల కొనక ఏం చేస్తాడు! అంటే ఇక్కడ కథానాయిక మనిషి కూడా కాదు, తరువాతి సంపుటానికి వేసిన కొక్కెం.

మరో విడ్డూరం ఉంది. అంగారక స్త్రీలు గుడ్లు పెడతారు, గుడ్డు పొదగడానికి ఐదేళ్ళు పడుతుంది అని బరోస్ చెప్పాడు. డెజా థోరిస్ కూడా గుడ్డే పెడుతుంది. భూమి మీది మగవాడికీ ఆమెకూ సంతానం ఎలా కలిగిందన్న ప్రశ్న జీవశాస్త్రం చదివినవాళ్ళకు వదిలేద్దాం. తల్లి గర్భం మోయనక్కరలేని సమాజంలో కాపురం, మాతృత్వం, ఆస్తి, పరువు, అన్నీ ఎంత మారిపోవాలి? బరోస్ లోకంలో వెంట్రుకవాసి కూడా మారవు. విక్టోరియా రాణి కాలపు కుటుంబం పక్కన గుడ్డు పెట్టి వదిలేశాడు. కథలోని సైన్సు కథలోని ప్రేమను వంచగలిగిందా లేదా అన్నదే నా దృష్టిలో అసలు పరీక్ష.

ఈ పరీక్షలో ఐజాక్ అసిమోవ్ ఒకచోట ఘోరంగా తప్పుతాడు, ఇంకోచోట మొదటి తరగతిలో నెగ్గుతాడు. 1951లో పుస్తకంగా వచ్చిన 'ఫౌండేషన్' మొదటి సంపుటంలో స్త్రీ పాత్రలను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. వారిలో ఒకామె ఒక పాలకుడి భార్య. మొగుణ్ణి సాధించడం, మెరిసే నగ చూసి మెత్తబడటం ఆమెకు దక్కిన పాత్ర. రెండున్నర కోట్ల గ్రహాల సామ్రాజ్యం, పన్నెండు వేల ఏళ్ళ చరిత్ర, అందులో ఆడవాళ్ళకు దొరికిన చోటు అంత! 'ఆ కాలం అలాంటిది' అని అసిమోవ్ అభిమానులు సమాధానం చెబుతుంటారు. ఆ సమాధానం నిలవదు. 1945లోనే, అదే పత్రికలో, అదే రచయిత బేటా డారెల్‌ను సృష్టించాడు.

బేటా కొత్తగా పెళ్ళయిన పిల్ల. మనసులను వంచగల మ్యూల్ అనే విజేత గెలాక్సీని మింగేస్తున్నాడు. బేటా దంపతుల వెంట ఒక బక్కపలచని విదూషకుడు తిరుగుతుంటాడు. అతనే మ్యూల్ అని కనిపెట్టేది ఆమె ఒక్కతే. రెండో ఫౌండేషన్ ఎక్కడుందో పండితుడు ఎబ్లింగ్ మిస్ నోరు విప్పబోయే క్షణంలో బేటా అతన్ని కాల్చి చంపుతుంది. ఇంతకీ ఆమె మనసును మ్యూల్ ఎందుకు వంచలేదు? ఎవరూ దగ్గరకు రానివ్వని తనను ఆమె ఏ ప్రభావమూ లేకుండా, తనంతట తాను, ఇష్టపడింది కనక. ఆ ఒక్క నిజమైన ఆప్యాయతను పాడు చేసుకోలేక వదిలేశాడు, అందుకే ఓడిపోయాడు. ఇక్కడ అనురాగం కథకు అలంకారం కాదు, కారణం. దాన్ని తీసేస్తే నవల కూలిపోతుంది.

తరువాతి సంపుటంలో బేటా మనవరాలు ఆర్కేడీ వస్తుంది. పద్నాలుగేళ్ళ పిల్ల, గడుసుది, రచయిత్రి కావాలని కలలు. పెద్దల కుట్రలోకి దొంగతనంగా దూరి, చివరికి పెద్దలకు దొరకని సమాధానం తానే పట్టుకుంటుంది. పాఠకుడు చప్పట్లు కొడుతుండగా రచయిత చావుదెబ్బ కొడతాడు. ఆమె పుట్టిన వెంటనే రెండో ఫౌండేషన్ వాళ్ళు ఆమె మెదడును తమకు అనుకూలంగా దిద్దారట! కథగా ఇది గొప్ప మలుపే. కానీ నాయనమ్మ దగ్గర రచయిత దాచి ఉంచిన స్వేచ్ఛను మనవరాలి దగ్గర వెనక్కి లాక్కున్నాడు. నవలామాలికల్లో ఇది తరచు జరిగేదే. మొదటి పుస్తకంలో కథానాయిక సాధించినదాన్ని తరువాతి పుస్తకం రద్దు చేస్తుంది.

రోబో కథల్లోని డాక్టర్ సూసన్ కాల్విన్ సంగతి ఇంకో రకం. 1941 నాటి కథలో మనసు చదివే రోబో ఆమెకు ఒక అబద్ధం చెబుతుంది, తోటి ఉద్యోగికి ఆమె అంటే ప్రేమ అని. మనిషికి హాని చేయకూడదన్నది దాని మొదటి నియమం. మనసు నొప్పించడం హాని కాదా మరి? తర్కం అద్భుతం. ఫలితం మాత్రం క్రూరం. ఆమె పెదవులకు రంగు వేసుకోవడం, సహోద్యోగులు గమనించడం, నిజం తెలియడం, ఆ తరువాత ఆమె రోబోను తేలని సందిగ్ధంలోకి నెట్టి పిచ్చెక్కించడం. అంతటి మేధావికి ప్రేమ దక్కదని, తెలివికి అదే మూల్యమని ఆ కథామాలిక తేల్చేసింది. మగ శాస్త్రవేత్తల నుంచి ఆ మూల్యం ఎవరూ వసూలు చేయలేదు.

అసిమోవ్ నెగ్గింది 1957 నాటి 'ది నేకెడ్ సన్'లో. సొలేరియా గ్రహంలో జనాభా ఇరవై వేలు, రోబోలు ఇరవై కోట్లు, అంటే మనిషికి పదివేలు. అక్కడివాళ్ళు ఒకరినొకరు తెర మీద చూసుకుంటారు, ఎదురుపడటం అసహ్యం. ఇక తాకడం మాటే చెప్పనక్కరలేదు. అక్కడి గ్లాడియా చివర చేతి తొడుగు తీసి, భూమి నుంచి వచ్చిన డిటెక్టివ్ బేలీ చెంపను తాకుతుంది. అంతే. మన సీరియల్ నవలల్లో పేజీలకు పేజీలు సాగే కౌగిలింతలు ఈ ఒక్క స్పర్శ ముందు వెలవెలపోతాయి. ఆ లోకపు నియమాలే దానికి ఆ బరువు ఇచ్చాయి. 1985 నాటి నవలలో రెండు శతాబ్దాల తరువాత, బేలీ పోయి ఎంతో కాలమయ్యాక, గ్లాడియా వేలమంది ముందు నిలబడి మాట్లాడే నాయకురాలు అవుతుంది. ప్రియుడు లేకుండా కథను మోసిన కథానాయిక ఆమె.

తెలుగు చేయబోయేవారికి ఇక్కడో తమాషా సమస్య ఎదురవుతుంది. ఏకవచనంలో మగవాడు 'వచ్చాడు', ఆడమనిషి 'వచ్చింది', ఆవూ బస్సూ కూడా 'వచ్చింది'. మనిషి రూపంలోని రోబో డానీల్ ఆలివా దగ్గర అనువాదకుడు మొదటి పేజీలోనే తేల్చుకోవాలి, 'వచ్చాడు' అనాలా, 'వచ్చింది' అనాలా అని. హారీ సెల్డన్ భార్య డార్స్ వెనబిలి దగ్గర ఈ బాధ లేదు. ఆమె నిజానికి రోబో అని తెలియక ముందూ 'వచ్చింది', తెలిశాకా 'వచ్చింది'. అసిమోవ్ శ్రమపడి దాచిన రహస్యాన్ని మన వ్యాకరణం ఉచితంగా దాచిపెడుతుంది! నవ్వు వస్తుంది కానీ కొంచెం ఆలోచిస్తే నవ్వు ఆగిపోతుంది. సెల్డన్ గణితవేత్త, డార్స్ చరిత్రకారిణి. అతను 'నువ్వు' అని, ఆమె 'మీరు' అని మాట్లాడితే మూలంలో లేని ఎత్తుపల్లాలు వచ్చేస్తాయి. పరిచయంలో ఇద్దరికీ 'మీరు', దగ్గరయ్యాక ఇద్దరికీ 'నువ్వు' అన్నదే న్యాయమని నా అభిప్రాయం.

లోయిస్ మెక్‌మాస్టర్ బుజోల్డ్ రాసిన వోర్కోసిగన్ మాలిక గురించి మన దగ్గర చర్చ తక్కువ. 1986లో మొదలైన ఈ మాలికలో కార్డేలియా ఒక అన్వేషక నౌకకు కెప్టెన్. శత్రు సేనాని ఆరల్‌కు బందీ అవుతుంది. ఇద్దరూ, మెదడు దెబ్బతిన్న ఆమె అనుచరుణ్ణి తీసుకుని, రోజుల తరబడి అడవి గ్రహం మీద నడుస్తారు. ఆ క్షతగాత్రుణ్ణి ఎవరు చూసుకుంటారు, శత్రువు అతన్ని చావనిస్తాడా అన్న ప్రశ్నల్లోంచే ఒకరి మీద ఒకరికి గౌరవం పుడుతుంది.

ఆ లోకానికి కీలకం కృత్రిమ గర్భాశయం. శరీరం వెలుపల పిండాన్ని పెంచవచ్చునన్న ఊహను 1923లో ఒక ఉపన్యాసంలో ముందుకు తెచ్చి దానికి పేరు పెట్టినవాడు జె.బి.ఎస్. హాల్డేన్. 1957లో భారతదేశానికి వచ్చి 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూసిన మన హాల్డేనే. ఆల్డస్ హక్స్‌లీ 1932లో ఆ ఊహతో తల్లి అనే మాటనే బూతుగా మార్చిన సమాజాన్ని చూపించాడు. బుజోల్డ్ అడిగింది వేరు. ఆ యంత్రం వికలాంగ శిశువులను చంపే ఆచారం ఉన్న ఫ్యూడల్ సమాజంలోకి వస్తే ఏమవుతుంది? 1991 నాటి 'బరాయార్'లో విషవాయువుకు విరుగుడుగా ఇచ్చిన మందు కార్డేలియా కడుపులోని బిడ్డ ఎముకలను దెబ్బతీస్తుంది. బిడ్డను యంత్రంలోకి మారుస్తారు. అలాంటి మనవడు వంశానికి వద్దంటాడు మామగారు. ఇంతలో తిరుగుబాటు. యంత్రం శత్రువుల చేతిలో పడుతుంది. రాజ్యం బరువు నెత్తిన ఉన్న భర్త సేనను పంపలేడు. ఆమె కొద్దిమందితో రాజధానిలోకి చొరబడి బిడ్డతో తిరిగి వస్తుంది, తిరుగుబాటు నాయకుడి తలను సంచీలో పెట్టుకుని. యంత్రం తీసేస్తే కథ లేదు, తల్లి తీసేసినా లేదు. 1992లో ఈ నవలకు హ్యూగో పురస్కారం వచ్చింది.

ఆ బిడ్డే మైల్స్. 1999 నాటి 'ఎ సివిల్ క్యాంపెయిన్'లో అతను వితంతువు ఎకటెరిన్‌ను యుద్ధ వ్యూహంలా వలచబోతాడు. ఆమెకు చెప్పకుండా, తోట పని అప్పగించి. విందులో గుట్టు రట్టవుతుంది. అందరి ముందూ పెళ్ళి మాట ఎత్తుతాడు, ఆమె లేచి వెళ్ళిపోతుంది. అతను రాసిన క్షమాపణ ఉత్తరం మాలిక మొత్తంలో నాకు బాగా నచ్చిన ఘట్టం. అయితే ఆ నవలలో జంటలు మరీ ఎక్కువ, ముడులన్నీ మరీ తేలిగ్గా పడతాయి. సైన్సు వెన్న పెట్టే పురుగుల హాస్యానికి పరిమితమైంది.

చైనా రచయిత ల్యూ త్సుషిన్ త్రయాన్ని ఇప్పుడు మన యువతరం ఇంగ్లీషులో ఇష్టంగా చదువుతోంది. మొదటి నవలలోని యె వెన్‌జియే శాస్త్రవేత్త. 1967లో, సాంస్కృతిక విప్లవ కాలంలో, భౌతికశాస్త్ర ఆచార్యుడైన తండ్రిని కళ్ళ ముందు కొట్టి చంపడం చూసింది. మానవజాతిని పరాయి నాగరికతకు పట్టిచ్చే నిర్ణయం ఆమెది. ఒప్పుకోం, కానీ ఎందుకు చేసిందో అర్థమవుతుంది. రెండో నవలకు వచ్చేసరికి లువో జీ అనే నాయకుడు తన ఊహలోని అమ్మాయిని వర్ణించి, అలాంటిదాన్ని వెతికి తెమ్మని ప్రభుత్వ యంత్రాంగాన్ని అడుగుతాడు. తెస్తారు! జువాంగ్ యాన్ అచ్చు ఆ ఊహలాగే ఉంటుంది, అతని బిడ్డను కంటుంది, అతను పని చేయాలంటే ఆమెను దూరం చేయాలని పాలకులు తీసుకుపోతారు. ఆమె ఏమనుకుందో మనకు చెప్పే పేజీ లేదు. మూడో నవలలో చెంగ్ షిన్ చేతికి భూమి భవిష్యత్తు వస్తుంది. మీట నొక్కలేకపోతుంది. ఆ వెనకాడటాన్ని రచయిత మాతృహృదయానికి ముడిపెట్టాడు. వెన్‌జియే నిర్ణయం వెనక ఒక జీవితం ఉంది, చెంగ్ షిన్ వెనక ఉన్నది స్త్రీ అంటే ఇలా ఉంటుందన్న ఒక సామాన్య సూత్రం. విశ్వపు కొలతలు పట్టుకోగలిగిన కలం ఇక్కడ చిన్నబోయింది.

ఈ మాలికలు మొదటిసారి చదవబోయే పిల్లలు అడిగితే 'ది నేకెడ్ సన్', 'బరాయార్' ముందు ఇవ్వమంటాను. 'ఫౌండేషన్' కూడా ఇవ్వవచ్చు, రెండో సంపుటం దాకా ఓపిక పట్టమని చెప్పి.