తండ్రి వీపు, కొడుకు చూపు: పిర్సిగ్ యాత్రానవల ఒక పరిశీలన

యాత్ర చేసినవాడు ఒక్కడే అయితే విమర్శకుడికి పని కొంత సులువు. అతడు చూసినది, చూసినప్పుడు తోచినది, తోచినదాన్ని చెప్పిన తీరు, ఈ మూడింటినీ పరిశీలిస్తే చాలు. ఇద్దరు కలిసి వెళ్ళి ఒకరే రాసినప్పుడు మరొక ప్రశ్న తప్పదు. రాయని రెండోవారు ఏం చూశారు? ఆ రెండోవారు రాసినవారి బిడ్డే అయితే ఈ ప్రశ్న మరీ బరువెక్కుతుంది. రాబర్ట్ ఎం. పిర్సిగ్ (1928-2017) రచన 'జెన్ అండ్ ది ఆర్ట్ ఆఫ్ మోటార్ సైకిల్ మెయింటెనెన్స్'ను ఈ ప్రశ్నతో చదివి చూడాలన్నది ఈ వ్యాసం ఉద్దేశం.

1968 జులైలో పిర్సిగ్ తన పదకొండేళ్ళ కొడుకు క్రిస్‌ను హోండా మోటారు సైకిలు మీద వెనక కూర్చోబెట్టుకుని మిన్నెసోటా నుంచి కాలిఫోర్నియా దాకా వెళ్ళాడు. ప్రయాణం 17 రోజులు. బోజ్‌మన్ పట్టణం దాకా జాన్, సిల్వియా అనే స్నేహ దంపతులు మరో బండి మీద తోడు వచ్చారు. ఆ తరువాత తండ్రీ కొడుకులే మిగిలారు. ఈ ప్రయాణం మీద అల్లిన పుస్తకాన్ని 121 మంది ప్రచురణకర్తలు తిరస్కరించారు. 1974లో వెలువడ్డాక అది లక్షల ప్రతులు అమ్ముడుపోయింది. అది నవలా, ఆత్మకథా, తత్త్వగ్రంథమా అన్న తర్జనభర్జన ఇంకా తెగలేదు. వాస్తవ సంఘటనల మీదే ఆధారపడినా, చెప్పే తీరు కోసం చాలా మార్చానని రచయితే ముందుమాటలో ఒప్పుకున్నాడు. అందువల్ల ఇందులోని 'నేను'ను కథకుడు అనే పిలుద్దాం.

కథకుడికి ఒక గతం ఉంది. కాలేజీలో రాయడం నేర్పే అధ్యాపకుడిగా 'క్వాలిటీ' అంటే ఏమిటని ప్రశ్నించుకుంటూ పోయి, మతి చలించి, ఆసుపత్రిలో విద్యుత్ చికిత్సకు గురయ్యాడు. చికిత్సకు ముందున్న మనిషిని అతడు పరాయివాడిలాగా, ప్లేటో సంవాదంలోని పాత్ర పేరుతో ఫీడ్రస్ అని పిలుస్తాడు. క్రిస్‌కు గుర్తున్న నాన్న ఆ ఫీడ్రసే. ఇప్పుడు బండి నడుపుతున్నది వేరొకడు. పిల్లవాడు పోయిన తండ్రిని వెతుక్కుంటున్నాడు, తండ్రి ఆ పోయినవాడు తిరిగి వస్తాడేమోనని భయపడుతున్నాడు. కథంతా ఈ రెంటి నడుమ నడుస్తుంది.

ముందుగా బండి మీద కూర్చునే తీరును గమనించాలి. ముందు కూర్చున్నవాడికి దారి కనిపిస్తుంది, వెనకవాడికి ముందున్నవాడి వీపు కనిపిస్తుంది. ఒకరి ముఖం ఒకరికి కనబడదు. ఇంజను చప్పుడులో, గాలిలో మాట వినబడదు. అందుకే కథకుడు తనలో తాను ఉపన్యాసం సాగిస్తాడు. దానికి 'షటాక్వా' అని పేరు పెట్టాడు. పూర్వం అమెరికాలో ఊరూరా డేరాలు వేసి జనానికి విజ్ఞానం, వినోదం కలిపి అందించిన సభల పేరది. మన పురాణ కాలక్షేపానికీ దీనికీ కొంత పోలిక ఉంది గాని, ముఖ్యమైన భేదం ఒకటుంది. పురాణం చెప్పేవాడు ఎదురుగా ఉన్నవాళ్ళ ముఖాలు చూస్తూ చెబుతాడు. ఈ కథకుడు ఎవరికో దూరాన ఉన్న పాఠకుడికి చెబుతున్నాడు. జానెడు దూరంలో ఉన్న కొడుకు చెవిన ఒక్క ముక్కా పడదు.

ఈ ఉపన్యాసంలోని విషయం తక్కువది కాదు. యంత్రాన్ని లోపలి అమరికతో అర్థం చేసుకునే చూపు ఒకటి, పైకి కనిపించే రూపంతో ఆనందించే చూపు మరొకటి. ఈ రెండూ విడిపోవడమే ఆధునిక జీవితంలోని అశాంతికి మూలమని అతడి వాదం. జాన్ ఖరీదైన బండి హ్యాండిల్ వదులైతే, బీరు డబ్బా రేకు ముక్క కత్తిరించి సందులో పెడితే సరిపోతుందని కథకుడు సలహా ఇస్తాడు. జాన్‌కు అది అవమానంగా తోస్తుంది. ఇద్దరూ చూస్తున్నది ఒకే రేకు. ఒకరికి అది తుప్పు పట్టని మెత్తని లోహం, మరొకరికి పారేసిన డబ్బా. తత్త్వాన్ని ఇంత తేటగా చెప్పిన ఘట్టాలు ఆధునిక సాహిత్యంలో అరుదు.

ఇక్కడ అనువాదకులకు ఒక మాట. 'క్వాలిటీ'ని తెలుగులో 'గుణం' అంటే పప్పులో కాలేసినట్లే. న్యాయవైశేషికుల లెక్కలో గుణం ద్రవ్యాన్ని ఆశ్రయించి ఉంటుంది, ముందు ద్రవ్యం ఉండాలి. పిర్సిగ్ వాదం దీనికి తలకిందులు. చూసేవాడు, చూడబడేది అన్న విభజనకే ముందు ఉన్నది క్వాలిటీ అంటాడు. 'నాణ్యత' అంటే అంగడి సరుకు వాసన వస్తుంది. ఇంట్లో ఒక భాష, బడిలో ఒక భాష, వీధిలో మరొక భాషగా పెరిగిన మన విద్యార్థులకు ఇలాంటి చిక్కు కొత్త కాదు. మాటను క్వాలిటీ అనే ఉంచి, అర్థాన్ని వాక్యంలో తేల్చడమే మేలు.

ఇక అగ్నిపర్వత సీమలకు వద్దాం. తండ్రీ కొడుకుల దారి రెండు జాతీయ ఉద్యానవనాల గుండా పోతుంది. మొదటిది ఎల్లోస్టోన్. 1872లో ఏర్పడింది. సుమారు 6,40,000 ఏళ్ళ కిందటి మహా విస్ఫోటనంలో కుంగిన నేల అది. నేటికీ అక్కడ వేడినీటి బుగ్గలు ఎగజిమ్ముతూనే ఉంటాయి. రెండవది ఒరెగాన్‌లోని క్రేటర్ లేక్. సుమారు 7,700 ఏళ్ళ కిందట మజామా అనే పర్వతం పేలి, తనలోకి తాను కూలిపోగా ఏర్పడిన గుంటలో వాననీరు, మంచునీరు నిండి సరస్సయింది. లోతు 594 మీటర్లు. అమెరికాలో ఇంతకన్నా లోతైన సరస్సు లేదు.

ఇంత అద్భుతమైన చోట్లను వర్ణించే అవకాశం వచ్చినా కథకుడు వర్ణనకు దిగడు. ఎల్లోస్టోన్ అంటే ఫీడ్రస్‌కు గిట్టదని చెబుతాడు. గొలుసులు కట్టి, బోర్డులు పెట్టి, ప్రకృతిని మ్యూజియం చేశారని అతడి ఫిర్యాదు. క్రేటర్ లేక్ దగ్గరా అంతే. కెమెరాలు, కార్లు, పిల్లల్ని అంచుకు వెళ్ళవద్దని అరిచే పెద్దలు. సరస్సు ఫొటోల్లో ఉన్నట్టే ఉంది. క్వాలిటీని వేలెత్తి చూపిస్తే జారిపోతుందని, అది కంటి కొసకు మాత్రమే చిక్కుతుందని కథకుడు తనకు తాను చెప్పుకుంటాడు.

సరిగ్గా అప్పుడే క్రిస్ అడుగుతాడు, ఇక్కడికి ఎందుకొచ్చామని. సరస్సు చూడడానికని తండ్రి జవాబు. పిల్లవాడికి ఆ చోటు నచ్చలేదు, ఎందుకు నచ్చలేదో చెప్పలేడు. తండ్రి ఒక సిద్ధాంతం కట్టి చేరుకున్న చోటికి కొడుకు ఏ సిద్ధాంతమూ లేకుండా చేరుకున్నాడు. క్వాలిటీ నిర్వచనానికి ముందే తెలిసిపోతుందన్న వాదానికి ఇంతకన్నా మంచి సాక్ష్యం పుస్తకం మొత్తంలో లేదు. ఆ సాక్షిని కథకుడు గుర్తించడు. పాఠకుడు గుర్తిస్తాడు. కథకుడికి తెలియనిది పుస్తకానికి తెలియడమే ఉత్తమపురుష కథనంలో గొప్పతనం. ఇది వట్టి తత్త్వగ్రంథం కాదు, నవల అనడానికి నాకు కనిపించే ఆధారం ఇదే. పైకి నీలంగా, నిశ్చలంగా ఉన్న ఆ సరస్సు కూలిపోయిన కొండ అన్న సంగతిని రచయిత కథకుడి మనసుతో పోల్చి చూపడు. చూపకపోవడమే మేలయింది.

కొండ ఎక్కే ఘట్టంలోనూ ఇదే తీరు. బోజ్‌మన్ దగ్గరి కొండల్లో ఇద్దరూ కాలినడకన ఎక్కుతారు. పిల్లవాడు అలసి సణిగితే, అహంకారంతో ఎక్కేవాడు దారిని ఆస్వాదించలేడని కథకుడు వ్యాఖ్యానిస్తాడు. నిద్రలో తండ్రి తనను శిఖరం మీద కలుస్తానని పలవరించాడని క్రిస్ చెబుతాడు. ఆ మాట విన్నాక తండ్రికి భయం పట్టుకుంటుంది. రాళ్ళు జారతాయని కారణం చెప్పి, శిఖరం చేరకుండానే వెనక్కి తిప్పుతాడు. పిల్లవాడు కుంగిపోతాడు. ఇక్కడ అహంకారం ఎవరిదో పాఠకుడే తేల్చుకోవాలి.

భారతీయ పాఠకుడు ఆగి చూడవలసిన ఘట్టం మరొకటి ఉంది. ఫీడ్రస్ కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో తత్త్వశాస్త్రం చదివాడు. హిరోషిమా మీద పడిన బాంబులు కూడా మాయేనా అని ఒకనాడు అడిగితే అధ్యాపకుడు చిరునవ్వుతో అవునన్నాడు. విద్యార్థి లేచి వచ్చేశాడు, మళ్ళీ వెళ్ళలేదు. సంప్రదాయం దృష్టిలో ఆ జవాబు సరైనదే కావచ్చునని కథకుడు ఒక మాట అంటాడు గాని అంతకు మించి పోడు. అద్వైతం వ్యావహారిక సత్తను, పారమార్థిక సత్తను వేరు చేసి చెప్పింది. వ్యవహార దశలో బాధ బాధే. ఈ వివేచనను తడమకుండా వదిలేయడం తత్త్వం గురించే రాసిన పుస్తకానికి లోపం. అయితే నా ముఖ్యమైన ఆక్షేపణ ఇది కాదు. లోకంలోని బాధను తత్త్వంతో తీసిపారేశారని తరగతి విడిచి వచ్చినవాడు, వెనక సీటులోని బాధ విషయంలో ఏం చేశాడు? క్రిస్‌కు తరచు కడుపునొప్పి వస్తుంది. అది మనోవ్యాధి తొలి లక్షణమని వైద్యులు చెప్పారని కథకుడికి తెలుసు. తెలిసీ వందల పుటలు ఉపన్యాసం సాగించాడు. చికాగోలో అరిస్టాటిల్‌తో, గ్రీకులతో సాగే తగవు చదువుతున్నంతసేపూ పిల్లవాడు బండి మీద ఉన్నాడన్న ధ్యాసే పాఠకుడికి ఉండదు. స్త్రీ పాత్రల సంగతి మరీ పలచన. క్రిస్ తల్లి పుస్తకంలో దాదాపు నీడ మాత్రమే.

ఈ ఆక్షేపణకు పుస్తకం చివర తానే సమాధానం చెప్పుకుంటుంది. కాలిఫోర్నియా తీరంలో సముద్రం మీది కొండ అంచున క్రిస్ అడుగుతాడు, నీకు నిజంగా పిచ్చి పట్టిందా అని. కాదని తండ్రి జవాబు. తనకు తెలుసునంటాడు కొడుకు. ఆ తరువాత హెల్మెట్లు తీసేస్తారు, మాట వినబడుతుంది. క్రిస్ వెనక పెడళ్ళ మీద లేచి నిలబడి తండ్రి భుజాల మీదుగా దారిని చూస్తాడు. ఇన్ని రోజులూ పిల్లవాడు చూసింది తన వీపునేనని తండ్రికి అప్పటికి తెలుస్తుంది. తత్త్వవాదానికి దొరకని ముగింపు సీటు మీద లేచి నిలబడడంలో దొరికింది.

1979 నవంబరులో, 22 ఏళ్ళ వయసులో, క్రిస్ శాన్‌ఫ్రాన్సిస్కో వీధిలో కత్తిపోటుకు బలయ్యాడు. 1984 ముద్రణకు రాసిన తుదిమాటలో పిర్సిగ్ ఈ సంగతి చెప్పి, క్రిస్ ఎక్కడికి పోయాడు అన్న ప్రశ్న వేసుకుంటాడు. దేహం పోయినా తమను అతడితో కలిపిన అల్లిక ఉండిపోయిందని, అది ఆధారం లేకుండా తిరుగుతున్నదని అంటాడు. ఈ పుటలు చదివాక నవలను మునుపటిలాగా చదవడం ఎవరికీ సాధ్యం కాదు. అయినా విమర్శకుడు ఇక్కడ జాగ్రత్తపడాలి. కొడుకు మరణం తండ్రి మీద జాలి కలిగిస్తుంది. ఆ జాలితో 1974 నాటి పుస్తకంలోని మౌనాన్ని మాఫీ చేయరాదు. ఆ మౌనం చూసి ఈ మరణానికి కారణాలు వెతకడం అంతకన్నా అన్యాయం.

ఆ హోండా బండి 2019లో వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ సంస్థకు చేరింది. 2024 నుంచి ప్రదర్శనలో ఉంచారు. ఎల్లోస్టోన్‌ను మ్యూజియమని ఈసడించినవాడి బండి మ్యూజియంలో నిలిచింది.

చెన్నపట్నం నుంచి 1830లో కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య తన యాత్రను మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళెకు రాసే తీరులో రాశాడు. ఆ రచనకు ఎదుట ఒక మనిషి ఉన్నాడు. పిర్సిగ్ రచనకు ఎదుట మనిషి లేడు, వెనక ఉన్నాడు. యాత్రాసాహిత్యం చదివే విద్యార్థులు ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి, రాసేవాడు ఎవరివైపు తిరిగి మాట్లాడుతున్నాడో చూడాలి. సెమినార్ కోసం ఒక చిన్న అభ్యాసం సూచిస్తున్నాను. పుస్తకంలో ఒకచోట క్రిస్ తల్లికి ఉత్తరం మొదలుపెట్టలేక తికమకపడితే, చెప్పదలచినవన్నీ ముందు జాబితాగా వేసుకో, వరస తరువాత చూడవచ్చునని తండ్రి నేర్పుతాడు. అదే పద్ధతిలో, క్రేటర్ లేక్ ఘట్టాన్ని క్రిస్ తల్లికి రాసిన ఉత్తరంగా తెలుగులో రాసి తీసుకురండి. ఒక పుట చాలు.