తాటిరొట్టె మీద కొవ్వొత్తి

మా చెల్లెలి మనవరాలికి మొన్న భాద్రపదంలో ఏడాది నిండింది. చెల్లెలు ఉండేది తాడేపల్లిగూడెంలో. ఆ పేరు పూర్తిగా పలికే ఓపిక మా వైపు రైల్వే స్టేషన్ మైకుకి తప్ప ఎవరికీ లేదు, అందరికీ అది గూడెమే. శూన్యమాసం కదా అని పెద్దవాళ్లు కాస్త గొణిగారు గానీ పుట్టినరోజుకి ముహూర్తం ఏమిటి, పిల్ల ఎప్పుడు పుడితే అప్పుడే.

పది రోజుల ముందు పిల్ల తల్లి ఫోన్ చేసింది.

"పెద్దమ్మా, బెలూన్ల కమానుకి, వెనకాల తెరకి, లైట్లకి కలిపి ముప్పై అయిదు వేలు అడుగుతున్నారు. కేకు వేరే."

"ఎంతసేపు ఉంటుందే ఆ కమాను?"

"ఆరు నుంచి తొమ్మిది దాకా. తర్వాత విప్పుకుపోతారు."

నాకు లెక్కలు తొందరగా తెగవు గానీ ఇది తెగింది. గంటకి పదకొండు వేల పైమాట. "నేను చూసుకుంటాలే, ఒప్పుకోకు" అనేశాను. అనేసి ఫోన్ పెట్టాక కాసేపు భయమేసింది. ఏలూరులో కూర్చుని గూడెంలో ఫంక్షన్ చేస్తానని ఏ ధైర్యంతో అన్నానో!

ధైర్యం సాయంత్రం అమ్మ ఫోన్‌లో దొరికింది. అమ్మ ఊరు మండవల్లి వైపు, కొల్లేటి గట్టున. ఒకప్పుడు అమ్మది కృష్ణా జిల్లా, మేం అక్కచెల్లెళ్లిద్దరిదీ పశ్చిమ గోదావరి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారాక నేనూ అమ్మా ఏలూరు జిల్లాలోకి వచ్చాం, చెల్లెలు అక్కడే ఉండిపోయింది. ఈ సరిహద్దులేవీ తెలియని తాడిచెట్లు మాత్రం అమ్మ ఇంటి వెనక గట్టు మీద ఎప్పటిలాగే పళ్లు రాలుస్తున్నాయి. "రాత్రి నిద్దట్లో ధబ్‌మని పడుతున్నాయే, దొంగలొచ్చారేమో అనుకుంటున్నా. ఏరేవాళ్లు లేక పందులు తింటున్నాయి" అంది అమ్మ. పుట్టినరోజుకి ఏం మిఠాయి చెయ్యాలో, ఇల్లు దేంతో అలంకరించాలో అప్పుడే తేలిపోయింది నాకు.

నిజానికి నా మనసులో ముందు మెదిలింది తాటాకు కాదు, తామరాకు. మా చిన్నప్పుడు ఊళ్లో పెళ్లయితే కొల్లేట్లోంచి తామరాకులు కట్టలు కట్టలుగా వచ్చేవి. ఆకు మీద నీటి చుక్క ముత్యంలా దొర్లుతుంటే దాన్ని కిందపడకుండా ఆడించడమే మాకు పెళ్లి వినోదం. ఆ తర్వాత కొల్లేరు కథ అందరికీ తెలిసిందే. చేపల చెరువుల గట్లు లేచాయి, 1999లో అభయారణ్యం అన్నారు, 2002లో రాంసార్ జాబితాకెక్కింది, 2006లో గట్లు కొట్టారు. ఇన్ని జరిగాక తామరాకులు దొరుకుతాయా అని అడిగితే అమ్మ నవ్వింది. "గుర్రపుడెక్క కావాలంటే బండెడు పంపిస్తా." పంపించనే పంపించింది, రెండు బకెట్లు. ఊదారంగు పూలు, చూడముచ్చటగా ఉంటాయి కదా అని ఇత్తడి గుండిగలో పేర్చాను. పొద్దున్న పేరిస్తే మధ్యాహ్నానికి తలలు వేలాడేశాయి. గుర్రపుడెక్కకి కొల్లేట్లో ఉన్న మొండితనం డ్రాయింగ్ రూములో ఉండదు. ఎవరైనా ప్రయత్నించదలిస్తే ఇది నా అనుభవం.

తాటిపళ్లు రెండు గోనెసంచుల్లో కైకలూరు నుంచి బస్సులో తెచ్చాను. పండిన తాటిపండు వాసన తెలిసినవాళ్లకి ఆ ప్రయాణం వర్ణించక్కర్లేదు, తెలియనివాళ్లకి ఎంత వర్ణించినా అందదు. బెల్లం, పనసపండు, కొంచెం కల్లు, మూడూ కలిసి ఎండలో కూర్చున్నట్టుంటుంది. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారని సామెత. నేను చెట్టు కిందకైనా పోలేదు, సంచులు పక్కన పెట్టుకుని కూర్చున్నానంతే. అయినా ముందు సీటాయన రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు.

పండు పిసకడం చూడ్డానికి మోటుపనిలా ఉంటుంది గానీ అందులో ఉన్న పనితనం అంతా ఇంతా కాదు. ముందు పండుని కడిగి, ముచ్చిక ఊడదీసి, నేల మీద నాలుగు వైపులా మెల్లగా మోదాలి. లోపలి పీచు వదులవుతుంది. అప్పుడు నల్లటి తోలు ఒలిస్తే నారింజరంగు పీచు బయటపడుతుంది. చేత్తో విడదీస్తే మూడు టెంకలు, ఒక్కోసారి రెండు. ఒక్కో టెంకనీ బూందీ చట్రం మీద రుద్దుతుంటే కిందకి గుజ్జు చిక్కగా జారుతుంది. రుద్దే చెయ్యి కాస్త తేలిగ్గా ఉండాలి. ఇంకాస్త వస్తుందేమోనన్న ఆశతో గట్టిగా అదిమితే గుజ్జుతో పాటు చేదూ దిగుతుంది. టెంక చుట్టూ పీచు తెల్లబడకముందే ఆపెయ్యాలి. గోళ్లలో ఇరుక్కున్న రంగు రెండు రోజులదాకా పోదు.

ఆశపోతుదాన్ని నేనే. మొదటి నాలుగు పళ్లూ పిప్పి పిప్పి అయ్యేదాకా రుద్దాను. చిన్న గిన్నెలో నమూనా రొట్టె వేస్తే పిల్ల తల్లి ఒక ముక్క నోట్లో పెట్టుకుని మర్యాదకి మింగింది. చేదు. అమ్మకి ఫోన్ చేస్తే తిట్టి, ఉపాయం చెప్పింది. గుజ్జుని పల్చటి గుడ్డలో మూటగట్టి రాత్రంతా కొక్కేనికి వేలాడదీశాం. పొద్దుటికి కింద గిన్నెలో పచ్చటి నీళ్లు, వాటితో పాటే చేదులో ముప్పాతిక వంతు. మూటలో మిగిలింది వెన్నలాంటి గుజ్జు. బెంగాలీ ఇళ్లలో కృష్ణాష్టమికి ఇదే తాటిగుజ్జుతో ఉండలు వేయిస్తారు. వాళ్లు దాన్ని తాలేర్ బొరా అంటారు, మనం తాటిబూరె అంటాం. చేదు వదిలించడానికి వాళ్లూ ఇలా గుడ్డ కట్టి వేలాడదీస్తారు.

రొట్టెకి మా ఇంటి కొలత ఇది. గుజ్జు ఎంతో బియ్యపురవ్వ అంత, బెల్లం దాంట్లో ముప్పావు వంతు, పచ్చికొబ్బరి చేతికొచ్చినంత, యాలకులు. నీళ్లు ఒక్క చుక్క కూడా వద్దు, రవ్వ గుజ్జులోనే నానాలి. మూడు గంటలైనా నానకపోతే రొట్టె ఇసకలా తగులుతుంది. అడుగు మందంగా ఉన్న గిన్నెకి నెయ్యి రాసి, అరిటాకు పరిచి, పిండి పోసి, మూత పెట్టి సన్నసెగ మీద వదిలెయ్యడమే. దిబ్బరొట్టె తిన్న గోదారి వాళ్లకి ఈ పద్ధతి కొత్తేం కాదు. వెనకటికి మూత మీద నిప్పులు పోసేవారు. ఇప్పుడు గ్యాస్ పొయ్యి మీద గిన్నె కింద పెనం పెట్టుకుంటున్నాం, అడుగంటకుండా. గంట గడిచాక చీపురుపుల్ల గుచ్చితే పొడిగా రావాలి. మిగిలిన గుజ్జు బెల్లంతో ఉడికించి, బియ్యప్పిండి కలిపి బూరెలు వేశాం. అవి చల్లారేదాకా ఎవరూ ఆగలేదు కాబట్టి మర్నాటికి రుచి ఎలా మారుతుందో చెప్పలేను.

అన్నీ ఇంట్లోనే చెయ్యాలన్న పంతం నాకు లేదు. పూతరేకులు కొన్నాం. కుండ బోర్లించి, పల్చటి పిండి గుడ్డతో ఒక్కసారి రాసి, పొర చిరక్కుండా లాగడం ఆత్రేయపురం చేతులకే చెల్లు. 2023లో వాళ్ల పూతరేకుకి జీఐ గుర్తింపు వచ్చిందంటే ఊరికే రాలేదు. ఇంట్లో రేకులు ప్రయత్నించి గుడ్డా కుండా తగలేసినవాళ్లు మా బంధువుల్లో ఇద్దరున్నారు.

ఇక అలంకారం. కల్లుగీసే ఆయనకి అయిదు వందలిచ్చి తాటాకులు కోయించింది అమ్మ. లేత ఆకు మాత్రం ఒక్కటే. మొవ్వులో ఆకులు వరసగా లాగేస్తే చెట్టు కుంగుతుందని ఆయన ఒప్పుకోలేదు. ఆ లేత ఆకు దంతంరంగులో ఉంటుంది, ఎటు మడిస్తే అటు ఒదుగుతుంది. దాంతో చిలకలు అల్లాం. ముదురు ఆకులతో గిరగిరలు చేశాం, ఇరుసుకి తుమ్మముల్లు. ఆకు అంచుల్ని కత్తెరతో పంటికోతలా కత్తిరించి గుమ్మానికి తోరణం కట్టాం. వెనకాల తెర కోసం గూడెం ఉల్లి మార్కెట్టుకి పోయాను. మహారాష్ట్ర ఉల్లి దిగే చోటు కదా, ఖాళీ గోనెసంచులకి కొదవ లేదు. ఆరు సంచులు తెచ్చి, విప్పి, ఉతికి, కలిపి కుట్టి, సున్నంలో జిగురు కలిపి తామరపూల ముగ్గు వేశాను. ఫొటోల్లో అదేదో ఖరీదైన జనపనార తెరలా వచ్చింది. మూడుసార్లు ఉతికినా, రెండెండల్లో ఆరేసినా ఉల్లివాసన మాత్రం దాని దగ్గరికెళ్లినవాళ్లని పలకరిస్తూనే ఉంది. "ఫొటోలో వాసన రాదు లెండి అత్తయ్యగారూ" అన్నాడు పిల్ల తండ్రి. అల్లుడంటే ఇలా ఉండాలి.

కింద పరిచింది జంపఖానా. ఏలూరులో పుట్టి పెరిగి, తివాచీ పరచలేదేం అని ఎవరైనా అడగొచ్చు. మా ఊరు తివాచీలు నేసి పైదేశాలకి పంపించింది గానీ మాలాంటి ఇళ్లలో అవి పరిచినట్టు నాకు గుర్తు లేదు. ఉయ్యాల మీద మాత్రం చెల్లెలి అత్తగారు అల్లిన నరసాపురం లేసు కప్పాం. 2024లో ఆ లేసుకి జీఐ వచ్చినప్పుడు ఆవిడ పేపరు కత్తిరించి దాచుకున్నారు. ఆ లేసుని పిల్ల మొదటి పావుగంటలోనే లాగి నోట్లో పెట్టుకుంది. ఎదురింటివాళ్లు తమ క్రిస్మస్ నక్షత్రం అటక మీంచి దించి ఇచ్చారు, మా వినాయకచవితి సీరియల్ లైట్లు దాని చుట్టూ చుట్టాం.

మొత్తం ఖర్చు కాగితం మీద రాశాను. నెయ్యి, బెల్లం, కొబ్బరి, ఆకులు, సంచులు, పూతరేకులు అన్నీ కలిపి అయిదు వేలు దాటలేదు. ముప్పై వేలు మిగిల్చానని ఫోన్‌లో అమ్మకి గొప్పగా చెప్పాను. "నువ్వూ చెల్లీ ఎన్ని గంటలు నేల మీద కూర్చున్నారో అదీ రాశావా?" అంది అమ్మ. ఎనభైకి దగ్గరపడ్డ మనిషి. ఈ ఇంట్లో జరిగిన ప్రతి శ్రీమంతానికీ బారసాలకీ అరిసెలూ బూరెలూ ఆవిడే వండింది. ఇంట్లో చేసుకుంటే చవక అని మనం తేలిగ్గా అనేస్తాం. ఆ చవక ఎవరి నడుములోంచి వచ్చిందో పద్దు రాసే అలవాటు ఏ ఇంట్లోనూ లేదు. నేనూ రాయలేదు.

అందుకే మిగిలిన పనులు అందరికీ పంచేశాను. మా మరిదిగారు రిటైరయ్యాక న్యూస్ ఛానల్ ముందు నుంచి కదలడం నేను చూడలేదు. ఆయన ముందు బూందీ చట్రం పెట్టి, పక్కన పది టెంకలు పెట్టాను. "నాకిదేం వస్తుంది వదినా" అన్నారు. అరగంట తర్వాత చూస్తే చొక్కా విప్పేసి, మోచేతులదాకా నారింజరంగుతో, నా కంటే తేలిక చేత్తో రుద్దుతున్నారు. చిన్నప్పుడు వాళ్లమ్మకి ఇదే పని చేసిపెట్టేవారట. పెళ్లయి ముప్పై రెండేళ్లయినా ఈ సంగతి మా చెల్లెలికి తెలియదు! "ఇన్నాళ్లూ చెప్పలేదేం?" అని నిలదీస్తే, "నువ్వెప్పుడు అడిగావు?" అన్నారు. అల్లుడూ వాళ్ల తమ్ముడూ గిరగిరలు చేశారు. వాటిలో సగం తిరగలేదు. తిరగనివి కూడా పిల్లలు వదల్లేదు.

సాయంత్రం కేకు లేదని తెలిసి ఒక చిన్నవాడు ఏడుపు మొహం పెట్టాడు. గిన్నె బోర్లిస్తే గుండ్రంగా, పై అంచు ఎర్రగా వేగి, అరిటాకు ఈనెల గీతలు అచ్చుపడి తాటిరొట్టె కూర్చుంది. మధ్యలో ఒక్క కొవ్వొత్తి. మెత్తటి కేకులో దిగినంత సులువుగా దిగలేదు, చీపురుపుల్లతో చిల్లు పెట్టి గుచ్చాల్సి వచ్చింది. పిల్ల ఊదలేదు, కొవ్వొత్తిని పట్టుకోబోయింది. అందరూ ఒకేసారి అరిచేసరికి హడలి ఏడుపు లంకించుకుంది. వాళ్ల తాతగారు ఆ నారింజరంగు వేళ్లతోనే ఎత్తుకున్నారు. ఏడుపు మొహం పిల్లాడు నాలుగు ముక్కలు తిన్నాడు. పట్నం నుంచి వచ్చిన ఒకావిడ మాత్రం ఒక ముక్క తుంచి, ప్లేటు మెల్లగా కుర్చీ కిందకి తోసేసింది. అదీ చూశాను. తాటిపండు అందరికీ పడదు, దానికి బాధపడక్కర్లేదు.

తొమ్మిదయ్యేసరికి గోడ మీద ఒక్క చిలక మిగల్లేదు, వెళ్తూ వెళ్తూ పిల్లలే పీక్కుపోయారు. రిటర్న్ గిఫ్టులు వేరే కొననక్కర్లేకపోయింది. గోనె తెర ఇప్పుడు మా చెల్లెలి పెరట్లో కంద దుంపల మీద కప్పి ఉంది.

టెంకలు లెక్కపెడితే యాభై మూడు. పందిరిమామిడిలో మన వెంకట్రామన్నగూడెం ఉద్యాన విశ్వవిద్యాలయం వాళ్ల కేంద్రంలో తాటి మీద పరిశోధనలు చేస్తారు. మా అమ్మ పరిశోధన పెరట్లోనే. ఆవిడ చెప్పినట్టే ఇసుక, మట్టి కలిపి దిబ్బ పోసి టెంకలన్నీ పేర్చి పాతర వేశాం. సంక్రాంతికి తేగలవుతాయి. తంపటి వేసి చీలిస్తే మధ్యలో చందమామ వస్తుంది. అది పిల్లకి పెట్టాలని తాతగారి పట్టుదల. అప్పటికి నాలుగు పళ్లయినా వస్తాయో రావో!

నిన్న చెల్లెలు ఫోన్ చేసింది. పక్కింటి కుక్క రెండు టెంకలు తవ్వేసిందట. మరిదిగారు న్యూస్ కట్టేసి, కొబ్బరిమట్టలు తెచ్చి పాతర చుట్టూ దడి కడుతున్నారట.