ఒక సాకెట్టు గుణదోష విచారణ

పుస్తకానికీ, నాటకానికీ విమర్శ ఉన్నట్లే యంత్రానికీ ఉండవలె. కంప్యూటరు భాగాలకు విమర్శ లేకపోలేదు, చాలా ఉన్నది. కాని అది భాగం బజారుకు వచ్చిన వారంలోపలనే ముగిసిపోతున్నది. పెళ్ళినాటి భోజనం చూసి కాపురం ఎట్లా సాగుతుందో చెప్పినట్లుంటుంది ఆ తీర్పు. కొన్న యంత్రం ఎనిమిదేళ్ళు ఇంట ఉంటుంది గదా! ఎనిమిదో ఏట చెప్పవలసిన మాటలు కొన్ని ఉన్నవి. ఏ.ఎం.డి. సంస్థవారి ఏ.ఎం.4 సాకెట్టును గురించి ఆ పని ఇక్కడ చేయదలచాను. సాకెట్టు అంటే మదరుబోర్డు మీద ప్రాసెసరు కూర్చునే పీట అన్నమాట.

ఈ విచారణకు కారణం మా విద్యార్థి ఒకడు. 2017లో వాళ్ళ అన్న కొన్న బల్లమీది కంప్యూటరు అతనికి దక్కింది. అందులో రైజెన్ 5 1600 ప్రాసెసరు, 16 జి.బి. డి.డి.ఆర్.4 మెమరీ ఉన్నవి. దాచుకున్న డబ్బుతో కొత్త గ్రాఫిక్సు కార్డు కొని తగిలించాడు. ఆటలోని బొమ్మలు కాంతివంతమైనవి గాని, కుదుపు పోలేదు. దుకాణంవారు "బోర్డు, మెమరీ, ప్రాసెసరు మూడూ మార్చవలసిందే" అన్నారట. "నిజమేనా సార్?" అని నా వద్దకు వచ్చాడు.

దీనికి జవాబు అభిప్రాయంతో చెప్పరాదు, కొలిచి చెప్పవలె. ఆటలో ప్రతి చిత్రం ఇద్దరి చేతుల మీదుగా తయారవుతుంది. ఎవరు ఎక్కడ ఉన్నారు, బంతి ఎటు పోతున్నది అనే లెక్క ప్రాసెసరుది. రంగులు పూసే పని గ్రాఫిక్సు కార్డుది. ఒకరు ఒక చిత్రానికి రంగు పూస్తుండగా మరొకరు తరువాతి చిత్రానికి లెక్క కడుతుంటారు. కాబట్టి మొత్తం వేగం ఇద్దరిలో నిదానస్థునిది. లెక్కకు 14 మిల్లీ సెకనులు, రంగుకు 10 పడుతున్నవనుకొనండి. సెకనుకు 71 చిత్రాలు వస్తవి. రంగు పనిని 6కు తగ్గించినా ఆ 71 అట్లాగే ఉంటుంది.

నిదానస్థుడెవరో తెలుసుకొనడానికి పైసా ఖర్చు లేదు. ఆటలో చిత్ర పరిమాణాన్ని 1920×1080 నుంచి 1280×720కి దించి చూడవలె. పూయవలసిన చుక్కలు సగానికి పైగా తగ్గుతవి. లెక్క మాత్రం ఇంచుమించు అంతే ఉంటుంది. వేగం పెరిగితే లోపం కార్డుది, పెరగకుంటే చాలావరకు ప్రాసెసరుదే. మా వాని యంత్రంలో 68 ఉన్న అంకె 71 అయింది. దుకాణంవారు ప్రాసెసరు సంగతి సరిగానే చెప్పారు. మిగిలిన రెండూ ఎందుకు మార్చవలెనన్నదే ప్రశ్న.

ఇక్కడనే ఈ సాకెట్టు గొప్పతనం కనిపిస్తుంది. 1331 పిన్నుల ఈ పీట మీద 2017 మార్చిలో మొదటి రైజెన్ కూర్చున్నది. 2022 ఏప్రిల్‌లో వచ్చిన రైజెన్ 7 5800ఎక్స్3డి కూడా అదే పీట మీద కూర్చుంటుంది. ఈ రెండింటి మధ్య తేడా వేగపు గడియారంలోనే కాదు, క్యాషు మెమరీలో కూడా ఉన్నది. క్యాషు అంటే వంటవాని చేతికందే గూడు. ప్రధాన మెమరీ వీధి చివరి కొట్టు. కొట్టుకు పోయి రావడానికి సుమారు 70, 80 నానో సెకనులు పడుతుంది. సెకనుకు 400 కోట్ల స్పందనలతో నడిచే ప్రాసెసరుకు ఇది దాదాపు 300 స్పందనల వృథా. 1600లో 16 ఎం.బి. గూడు ఉన్నది, అదైనా రెండు ముక్కలై, మూడేసి కోర్లకు ఎనిమిదేసి ఎం.బి.గా పంచబడింది. 5800ఎక్స్3డిలో 32 ఎం.బి. గూడు మీద మరొక 64 ఎం.బి. సిలికాన్ ఫలకాన్ని మిద్దెలాగా కట్టారు. మొత్తం 96. అన్ని కోర్లకూ ఉమ్మడి. ఆటలకు ఈ మిద్దె చేసిన మేలు మరే మార్పూ చేయలేదని నా తీర్పు.

పోటీదారైన ఇంటెల్‌వారి సంగతి చూడండి. 2015లో వారి 1151 స్పర్శల సాకెట్టు వచ్చింది. 2017 అక్టోబరులో ఎనిమిదో తరం ప్రాసెసర్లూ అదే కొలతతో, అదే లెక్కతో వచ్చినవి. పాత బోర్డు మీద మాత్రం నడవవన్నారు. విద్యుత్తు అందించే తీరు మారిందని కారణం చెప్పారు. తరువాత కొందరు ఔత్సాహికులు బయాసు సవరించి పాత బోర్డుల మీదనే నడిపి చూపించారు.

అట్లని ఏ.ఎం.డి.వారికి హారతి పట్టవలసిన పని లేదు. 2020 మే నెలలో వారు కూడా, రాబోయే తరం 400 వరుస బోర్డుల మీద నడవదని ప్రకటించారు. బయాసు చిప్పులో 16 ఎం.బి. చోటు చాలదన్నారు. కొన్నవారు గగ్గోలు పెట్టగా అదే నెలలో మాట మార్చుకున్నారు. 300 వరుస బోర్డుల వారు మాత్రం 2022 దాకా కాచుకోవలసి వచ్చింది. అంటే ఈ సద్గుణం సగం ఇంజనీర్లది, సగం కొనుగోలుదారుల గొంతుది.

మరొక లోపం పాత బోర్డులదీ, కొత్త కార్డులదీ కలిసినది. పాత బోర్డు పి.సి.ఐ.ఇ. మూడో తరం, దారి ఒక్కంటికి సెకనుకు సుమారు 1 జి.బి. మాత్రమే సాగుతుంది. 16 దారుల కార్డుకు ఇబ్బంది లేదు. 2022 జనవరిలో వచ్చిన ఆర్.ఎక్స్. 6500 ఎక్స్.టి. కార్డుకు ఉన్నవి 4 దారులే, సొంత మెమరీ 4 జి.బి.యే. అది నిండితే పాత బోర్డు మీద ఊపిరాడదు. పాత యంత్రం గలవాడే కొనుక్కునే చవక కార్డుకు ఇట్లా దారులు కోయడం నాకు క్షమించరానిదిగా తోస్తున్నది.

ప్రాసెసరు మార్పుకు ఆటలు కాక మరొక అవసరమూ ఉన్నది. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్‌వారి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 ఆమోదించిన జాబితాలో మొదటి తరం రైజెన్ లేదు. ప్రాసెసరు ఒక్కటి మారిస్తే ఆ చిక్కూ తీరుతుంది. 2025 చివరలో మెమరీ ధరలు పెరిగిన పెరుగుదల చూసినవారికి, ఉన్న డి.డి.ఆర్.4 ముక్కలను నిలుపుకోవడం ఎంత ఆదాయో చెప్పనక్కరలేదు.

మా వానికి 5800ఎక్స్3డి వద్దన్నాను. కొత్త సరుకుగా దొరకడం అరుదైంది. పైగా 105 వాట్ల భారం, ఎనిమిదేళ్ళ చవక బోర్డు. 65 వాట్ల రైజెన్ 5 5600 తెచ్చుకున్నాడు. 6 కోర్లకూ ఉమ్మడిగా 32 ఎం.బి. గూడు. పాత ప్రాసెసరు ఉండగానే బయాసు మార్చాము. తరువాత అయితే యంత్రం మేలుకొనదు. ఏ.ఎం.4లో పిన్నులు ప్రాసెసరుకే ఉంటవి గనుక, ఎండిన పేస్టుతో అంటుకొని హీట్‌సింకుతో బాటు పీకి వచ్చే ప్రమాదం ఉన్నది. అందుకని అరగంట ఆట ఆడించి వేడెక్కనిచ్చి, యంత్రం ఆపి, హీట్‌సింకును అటూ ఇటూ మెల్లగా తిప్పి తీశాము. పిన్ను ఒక్కటీ వంగలేదు. ఆ సాయంత్రం అదే ఆటలో, అదే చోట అంకె 110 దాటింది.