దారి మూసిన అధ్యాయం

దూరపు నడకల మీద ఇంగ్లీషు పుస్తకాలు చదివేవాళ్ళు మనలో ఎక్కువయ్యారు. బెంగుళూరులోనో చెన్నైలోనో ఉద్యోగం చేస్తూ, సెలవు దొరికితే వీపుకు సంచి తగిలించుకుని కొండలెక్కే పిల్లలు మన ఇళ్ళలోనూ ఉన్నారు. అందుచేత ఈ పుస్తకాల శైలి బాగుందా లేదా అన్న దగ్గర ఆగకుండా, అవి పాఠకుడికి ఏం నూరిపోస్తున్నాయో కూడా విమర్శకులు చూడాలని నా అభిప్రాయం.

వీటిలో చాలావాటికి కథాసూత్రం ఒకటే. మనసు విరిగిన మనిషి బయలుదేరుతాడు. ఎండ, చలి, ఆకలి, కాళ్ళ బొబ్బలు ఎదురవుతాయి. ఒక్కొక్కటీ దాటుకుంటూ పోతే దారి చివర మనసు కుదుటపడుతుంది. అడ్డంకి ఉన్నదే దాటడానికి! కార్చిచ్చు భయంతో అటవీశాఖ దారికి అడ్డంగా గొలుసు కట్టిన రోజున ఈ సూత్రం బెడిసికొడుతుంది. ఆ గొలుసు దాటినవాడిని వీరుడని ఎలా అంటాం? వాడికోసం మరో పదిమంది మంటల్లోకి వెళ్ళవలసి వస్తుంది. వెనక్కి తిరిగితే కథ ఆగిపోతుంది. రచయితలు ఈ చిక్కును తప్పించుకుంటున్నారని నా ఫిర్యాదు.

షెరిల్ స్ట్రేయిడ్ రాసిన 'వైల్డ్' (2012) చూడండి. అమెరికాలో మెక్సికో సరిహద్దు నుంచి కెనడా సరిహద్దు దాకా 2,650 మైళ్ళు సాగే పసిఫిక్ క్రెస్ట్ ట్రెయిల్‌లో ఆమె 1995లో సుమారు 1,100 మైళ్ళు నడిచారు. ఆ ఏడాది సియెర్రా కొండల్లో మంచు విపరీతం. ఆమె ఆ భాగం వదిలేసి, బస్సెక్కి చుట్టూ తిరిగి, పైన మళ్ళీ దారి పట్టుకున్నారు. ఆ మాట దాచకుండా రాశారు. ఒక్క అడుగు తప్పినా అది పూర్తి నడక కాదనేవాళ్ళకు ఈ భాగం లోపంగా కనబడవచ్చు. నాకు మాత్రం పుస్తకంలో నిజాయితీ ఉన్న చోటు అదే. కొండ కాదంటే ఆమె సరేనన్నారు.

అయితే మంచు కరుగుతుంది, ఎవరినీ నిందించనక్కరలేదు. నిప్పు సంగతి వేరు. ఆమె నడక ముగించిన బ్రిడ్జ్ ఆఫ్ ది గాడ్స్ వంతెన పక్కనే ఈగిల్ క్రీక్ లోయ ఉంది. 2017 సెప్టెంబరు 2న 15 ఏళ్ళ కుర్రవాడొకడు అక్కడ టపాకాయ విసిరాడు. సుమారు 150 మంది రాత్రంతా అడవిలో చిక్కుకుని మర్నాడు బయటపడ్డారు. దాదాపు 50,000 ఎకరాల్లో మంటలు వ్యాపించాయి. ఆ లోయదారి కొన్నేళ్ళు మూసి ఉంది. 2020 సెప్టెంబరులో కాలిఫోర్నియాలోని 18 జాతీయ అడవులనూ మూసేశారు. 2021 ఆగస్టు 31 రాత్రి నుంచి దాదాపు అన్నిటినీ మళ్ళీ మూశారు. నెలల తరబడి నడిచి వచ్చినవాళ్ళు కూడా దారి దిగిపోవలసి వచ్చింది. 'వైల్డ్' చదివి ఆ దారి పట్టినవారికి ఈ అధ్యాయం ఏ పుస్తకం చెప్పింది?

మన సంగతికి వద్దాం. తేని జిల్లాలో బోడినాయకనూరు దగ్గర కురంగణి కొండలున్నాయి. ఆ ప్రాంతంలో తరతరాలుగా ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబాలున్నాయని మన పాఠకులకు చెప్పనక్కరలేదు. 2018 మార్చి 11న అక్కడ కొండ దిగుతున్న రెండు బృందాలను మంటలు చుట్టుముట్టాయి. 23 మంది పోయారు. ఎండిన గడ్డి వాలులో నిప్పు కింది నుంచి పైకి పరుగెత్తుతుంది, కింది మంట పైగడ్డిని ముందే కాచి ఉంచుతుంది కనుక. మనిషి కాళ్ళు దాన్ని మించలేవు. ఆ సాయంత్రం సాయానికి ముందుగా కొండెక్కినవారిలో చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళున్నారు. తమిళనాడు ఆ ఏడాదే కొండనడకలకు నిబంధనలు చేసింది. 2025లో ఫిబ్రవరి 15 నుంచి ఏప్రిల్ 15 దాకా అటవీశాఖ నడకదారులను మూసి ఉంచింది. టికెట్టు డబ్బు పోయిందని విసుక్కునేవారు ఆ 23 మందిని ఒకసారి తలచుకోవాలి.

ఇక్కడ నాకు ఏనుగుల వీరాస్వామయ్యగారు గుర్తొస్తారు. చెన్నపట్నంలో మనవంటి ప్రవాసాంధ్రులే. 1830 మే 18న బయలుదేరి 1831 సెప్టెంబరు 3న తిరిగి వచ్చి, తెలుగులో తొలి యాత్రాగ్రంథంగా పేరుపొందిన 'కాశీయాత్ర చరిత్ర' మనకిచ్చారు. 1838లో అచ్చయింది. ఆయన వెళ్ళింది పల్లకీలో, నడిచింది బోయీలు. వాళ్ళ పుస్తకం మనకు రాలేదు. ఆ లోటు ఉన్నా, వీరాస్వామయ్యగారి రాతలో ఒక గుణముంది. ఏ మజిలీ ఎంత దూరం, ఎక్కడ వసతి ఉంది, ఎక్కడ దారి చెడ్డది అని వెనక వచ్చేవాడి కోసం రాశారు. తన గొప్ప కోసం దారిని వాడుకోలేదు. ఈనాటి నడక పుస్తకాల్లో ఎక్కువ భాగం రచయిత మనసు చుట్టూ తిరుగుతాయి. వెనక వచ్చేవాడు వాటిలో కనబడడు.

ఆగడం కూడా యాత్రలో భాగమే. గొలుసు దగ్గర ఎందుకు ఆగారు, అడవి ఎంత ఎండి ఉంది, కాపలా మనిషి ఏం చెప్పాడు, ఏ ఊరి గుండా చుట్టు తిరిగారు — ఇవి రాస్తే కథ చప్పబడుతుందని భయం దేనికి? హోసూరులోనో, బళ్ళారిలోనో, బరంపురంలోనో ఉన్న మన కుర్రవాళ్ళెవరైనా కొండ సగం ఎక్కి తిరిగి వచ్చిన యాత్రను తెలుగులో రాస్తే, శిఖరం ఎక్కిన పది పుస్తకాలు పక్కన పెట్టి దాన్నే ముందు చదువుతాను.